రెండు తోకచుక్క కథలు

ఆకాశమునుండి భూమికి వినాశము వాటిల్లునను కథలు పాశ్చాత్య వాఙ్మయమున లెక్కకు మిక్కిలిగా గలవు. వానిని చదువువారు సామాన్యముగా చూచునది భయమును, గణితమును, మేడలు కూలుటను. అంతకంటె చూడదగినది వేఱొకటి యున్నది. ప్రాణభయము కలిగిన గడియలో మనుష్యులు ఒకరినొకరు ఏమని యెంచుకొందురు? ఆ భయము తీఱిన పిమ్మట ఏమని యెంచుకొందురు? ఈ రెండవ ప్రశ్నను వేసిన కథకులు అరుదు.

ఎచ్. జి. వెల్సు మొదటి ప్రశ్నతో తృప్తి చెందెను. 1906లో వెలువడిన ఆయన నవల ‘ఇన్ ది డేస్ ఆఫ్ ది కామెట్’లో విల్లీ లెడ్‌ఫర్డ్ అను పేద యువకుడు, తన్ను విడిచి ధనికునితో వెడలిపోయిన ప్రియురాలిని చంపుటకై రివాల్వరు గొని వెదకుచు పోవును. అదే సమయమున ఇంగ్లండునకును జర్మనీకిని యుద్ధము. ఇంతలో తోకచుక్క భూమిని తాకును. దాని ప్రభావమున గాలిలోని నత్రజని మాఱిపోవును. జనులెల్లరు కొన్ని గంటలు నిద్రించి లేచునప్పటికి ఈర్ష్య లేదు, యుద్ధము లేదు. చదువుటకు హాయిగనే యుండును. కాని యిది సంస్కారమా, మత్తుమందా? మాఱినవారు తమ పూర్వపు తప్పులను తలచి వగచుట నిజమే. ఆ పశ్చాత్తాపము సైతము ఆవిరి పెట్టిన భిక్షయే గదా! ఎవ్వడును ఇంటివారి నిష్ఠురము పడలేదు. ఊరివారి వెలికి ఓర్వలేదు.

1910లో హాలీ తోకచుక్క వచ్చినప్పుడు దాని తోకలో సైనోజెన్ అను విషవాయువున్నదని తెలిసి పాశ్చాత్యదేశములలో ననేకులు బెదరిరి. తోకచుక్క మాత్రలమ్మి సొమ్ము చేసికొన్నవారును గలరు. తోక మిక్కిలి పలుచనిదగుటచే భూమికి ఏ కీడును కలుగలేదు. ఆ యేడే మన గురజాడ అప్పారావుగారు ‘ముత్యాల సరముల’లో ఆ చుక్కను అరిష్టమని తలపక శుభసూచకముగా గ్రహించి, కులభేదము పాటింపని భోజనమును గూర్చి భార్యాభర్తల సంవాదమును అందే పెట్టిరి. అచ్చట చుక్క సూచన మాత్రమే, పని మనుష్యులది.

రెండవ ప్రశ్నను వేసినవాడు అమెరికా నల్లజాతి నాయకుడు డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్. 1920లో ప్రకటించిన ‘డార్క్‌వాటర్’ గ్రంథమున ‘ది కామెట్’ అను చిన్నకథ యున్నది. అందలి జిమ్ న్యూయార్కు నగరమున నొక బ్యాంకులో బంట్రోతు, నల్లవాడు. పాత లెక్కల పుస్తకములకై అతనిని నేలమాళిగ అడుగునకు పంపుదురు. విలువగల మనుష్యులను అట్టి చోటికి పంపరు గదా! తోకచుక్క దాటిపోవుసరికి పైనున్న విలువగలవారందఱు విషవాయువుచే చచ్చిరి, కొఱగానివాడు బ్రదికెను. ఆకలిగొని, శవములున్న గొప్ప భోజనశాలలో ప్రవేశించి తినుచు, నిన్నటి దినమున తనకిచ్చట వడ్డించియుండరు గదా యని యతడు తలచుకొనును. పంక్తిభేదమెఱిగిన మన చదువరులకు ఈ తావున వ్యాఖ్య అక్కఱలేదు.

బ్రదికిన మఱియొక ప్రాణి జూలియా యను తెల్లజాతి ధనికయువతి. ఛాయాచిత్రములు కడుగు చీకటిగదిలో నుండుట యామెను కాపాడినది. లోకమున తామిద్దఱే మిగిలిరేమో యని తోచిన క్షణముననే యామె అతనిని చూచి బెదరి పరుగిడును. ఊరెల్ల శవములైనను ఆమెకు భయము కలిగించినది సజీవుడగు నల్లవాడు! కథకు ప్రాణము ఈ ఘట్టమే. తిరిగివచ్చిన పిమ్మట, ఎత్తైన మేడపై ఇరువురును భేదములు మఱచి ఒకరినొకరు కేవల మానవులుగా చూచుకొందురు. ఇచ్చట శైలి మితిమీఱినది. ఆదిమాత యనియు, దైవకుమారుడనియు ఉపమానములు గుప్పించి కథకుడు ఉపన్యాసకుడైపోయెను.

అంతలో మోటారు కూత. ఆమె తండ్రియు, వరుడును వత్తురు. నశించినది న్యూయార్కు మాత్రమేనట! లోకము మిగిలినది, దానితోపాటు దాని రీతియు మిగిలినది. నల్లవాడని వినినంతనే గుంపులో నొకడు చంపవలెనని కేక వేయును. తండ్రి జిమ్ చేతిలో డబ్బు పెట్టి, ఉద్యోగము కావలసిన రమ్మనును. జూలియా కృతజ్ఞత తెలిపి మరల అతనివంక చూడదు. ఆమె దుష్టురాలు కాదు. దుష్టురాలైనచో కథ తేలికయై యుండును. వెల్సు చుక్క పోయిన పిదపను మంచితనము నిలిచెను. డుబోయిస్ చుక్క పోవుటతోడనే గోడ లేచెను. నగరములో ప్రాణులెల్ల నశించినను, వెలుపలినుండి వచ్చిన ఇద్దఱు ముగ్గురు చాలిరి దానిని లేపుటకు.

ఐనను ఈ కథపై నాకొక ఆక్షేపణ కలదు. మేడపై నున్నప్పుడు జిమ్ మఱచినది జాతిభేదమునే కాదు, తన భార్యను కూడ. అంతయు ముగిసిన పిదప అతడు జేబులోనుండి పసిబిడ్డ టోపీని తీసి చూచుచుండగా, పనిచేసి యలసిపోయిన చిన్న స్త్రీ యొకతె చనిపోయిన బిడ్డను చేతపట్టుకొని వచ్చును. ఆమె యెట్లు బ్రదికినది, బిడ్డ యెప్పుడు పోయినది, శవముల నడుమ ఎంత దూరము నడచివచ్చినది, కథకుడు చెప్పడు. జూలియా మనోభావములకు పుటలు వెచ్చించిన చేయి ఈమెకు పేరైనను పెట్టలేదు. ఆమె నోట నొక్క మాటయే పలికించెను. అది భర్త పేరు.