చుక్క పడేది ఒకచోట

పాత డీజిల్ కారు కింద నల్లమరక కనిపించి, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ తగ్గి, సైలెన్సర్‌లోంచి నీలంగా పొగ వస్తే చాలు, గ్యారేజీలో ముందు వినపడే మాట 'టర్బో పోయింది'. సూరత్‌లో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే లింబాయత్, పర్వత్ పాటియా గల్లీల్లో ఆ మాటకు కుంగిపోయినవాళ్లు నాకు తరచూ ఎదురవుతుంటారు. మరమగ్గాల మీద రాత్రీపగలూ నిలబడి కూడబెట్టి, పండక్కీ పెళ్లికీ నల్లగొండకో వరంగల్‌కో ఇంటిల్లిపాదీ పోవడానికి కొనుక్కున్న సెకండ్‌హ్యాండ్ డిజైర్లు, ఇన్నోవాలు అవి. టర్బో మార్చాలంటే ఆ ఇంటి లెక్కలన్నీ తారుమారవుతాయి. అందుకే గట్టిగా చెప్పాలనిపిస్తోంది: టర్బో తనంతట తాను పోవడం అరుదు. చాలాసార్లు దాని ప్రాణం తీసేది నూనె. సరిగ్గా అందకో, మురికి పట్టో, వచ్చిన నూనె తిరిగి పోవడానికి దారి లేకో. ఆ కారణం పట్టుకోకుండా కొత్తది బిగిస్తే అదీ పాతదాని దారే పడుతుంది.

టర్బో చేసే పని తేలిగ్గానే అర్థమవుతుంది. ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి, కుదించి ఇంజన్‌లోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మన మధ్యతరగతి ఇళ్లకు అది చేరడంలో పెద్ద పాత్ర ఫియట్ రూపొందించిన 1,248 సీసీ డీజిల్ ఇంజన్‌ది. 2007లో మారుతి స్విఫ్ట్‌లో వచ్చింది, తర్వాత డిజైర్‌లో, టాటా బళ్లలో, ఫియట్ పుంటోలో. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది కానీ, పాతవి ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి.

ఈ బళ్లలో ఉండే చిన్న టర్బోలో ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరుగుతుంది. ఆ వేగంలో ఇనుముకు ఇనుము తగిలితే మిగిలేదేమీ ఉండదు. తగలకుండా కాసేది వెంట్రుక కన్నా పల్చని నూనె పొర ఒక్కటే. నూనె పైకి రావడానికి పంపు ఒత్తిడి ఉంటుంది. తిరిగి ఇంజన్ అడుగునుండే ఛాంబర్‌లోకి దిగేటప్పుడు మాత్రం తన బరువుతో తానే జారాలి. ఇరుసు దగ్గర రబ్బరు సీళ్లు కాదు, సన్నటి ఇనుప రింగులు ఉంటాయి. కిందికి దిగే పైపు పూడుకుపోయినా, బ్రీదర్ పైపు మూసుకుని ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగినా నూనె ఆ రింగులు దాటేస్తుంది. ఒకవైపు దాటితే, కుదించిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌లోకి, రెండోవైపు దాటితే సైలెన్సర్‌లోకి. చూసినవాళ్లు తప్పు టర్బో మీదే వేస్తారు.

ఈమధ్య ఉధనా వైపు ఒక షెడ్డులో ఇలాంటి డిజైర్‌నే దగ్గరుండి చూశాను. బండి ఒక మగ్గం కార్మికుడిది, యాభై దాటిన మనిషి. మెకానిక్ జనగామ వైపు కుర్రాడు. అంతకుముందు మరో గ్యారేజీలో టర్బోతోపాటు గేర్‌బాక్స్ దించి వెనక ఆయిల్ సీల్ కూడా మార్చాలన్నారట. చుక్క పడుతున్నది నిజంగానే ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటు నుంచే.

"తమ్మీ, టర్బో పోయిందంటున్నరు, నిజమేనా?"

"పోయిందో లేదో చూద్దామన్నా. ముందు కడగనియ్యి."

ఆల్టర్నేటర్‌కు ప్లాస్టిక్ కవర్ చుట్టి ఇంజన్ అంతా డీజిల్‌తో, బ్రష్‌తో కడిగాడు. గాలి కొట్టి ఆరబెట్టాడు. అనుమానం ఉన్న అతుకుల మీదంతా ముఖానికి రాసుకునే పౌడర్ చల్లాడు. ఇద్దరూ బండి వేసుకుని కాసేపు తిరిగొచ్చారు. బానెట్ ఎత్తి లైటు వేయగానే ముందు కనిపెట్టింది ఓనరే. టర్బోకు నూనె తెచ్చే పైపు బోల్టు కింద, తెల్లటి పౌడర్ మీద, దారప్పోగంత తడి గీత. అది అక్కడి నుంచి ఇంజన్ పక్కగా జారి, గాలికి వెనక్కి వాలి, గేర్‌బాక్స్ దాకా పోయి చుక్కవుతోంది. ఆయన చూపుకు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. మగ్గం మీద గుడ్డకు నూనె మరక పడితే కూలిలో కోత పడుతుంది. మరక ఎక్కడ పడిందన్నది కాదు, పైన ఏ బేరింగ్ కారుతోందన్నది వెతకడం ఆయనకు రోజూ ఉండే పనే.

బోల్టుకు రెండువైపులా ఉండే రాగి వాషర్లు నలిగిపోయి ఉన్నాయి. ఒకసారి బిగించి విప్పితే వాటి పని అయిపోయినట్టే, కొత్తవి వేయాలి. ఎవరో పాతవాటినే తిరగేసి వేశారు. నూనె దిగే పైపు విప్పితే లోపల మాడిన నూనె బొగ్గులా పేరుకుపోయి ఉంది. నీలం పొగకు కారణం అదే. పికప్ తగ్గడం వేరే కథ. ఇంటర్‌కూలర్ గొట్టం మీద సబ్బునీళ్లు పోసి, ఇంకొకరితో యాక్సిలరేటర్ తొక్కిస్తే చీలిక దగ్గర బుడగలు లేచాయి. ఇరుసును వేళ్లతో కదిపి చూశాడు. పక్కలకు కాస్త ఆడింది. నూనె పొరకు చోటుండాలి కాబట్టి ఆ మాత్రం ఉండాల్సిందే. ముందుకూ వెనక్కీ మాత్రం కదల్లేదు, చక్రం రెక్కలు గోడకు రాసుకోలేదు. టర్బో బతికే ఉంది.

ఆ బొగ్గు ఎలా పేరుకుందో కూడా చెప్పాలి. ఊరికి పోయేటప్పుడు ధూళే నుంచి శంభాజీనగర్ దారిలో కన్నడ్ ఘాట్ ఉంటుంది. నిండా జనం, డిక్కీలో సామాన్లు, ఏసీ. ఘాట్ ఎక్కేటప్పుడు టర్బో పడే కష్టం దారి మొత్తంలో ఇంకెక్కడా పడదు. పైకి రాగానే టీ హోటల్ కనిపిస్తుంది. బండి ఆపీ ఆపగానే తాళం తిప్పేస్తారు. పంపు ఆగిపోతుంది. ఎర్రగా కాలిన టర్బోలో చిక్కుకున్న నూనె కదలక అక్కడే మాడుతుంది. ఘాట్ దాటి కాస్త దూరం మెల్లగా నడిపాకో, ఆపేముందు ఒకటి రెండు నిమిషాలు ఇంజన్ అలా నడవనిచ్చాకో కట్టేస్తే ఆ ముప్పు చాలావరకు ఉండదు. డ్రైవర్ దిగకుండా కూర్చుంటే పిల్లలు ఈలోగా దిగిపోతారు, అంతే కదా.

సూరత్‌కు సొంతమైన బెడద ఇంకొకటుంది. వానాకాలంలో మీఠీ ఖాడీ వాగు పొంగితే లింబాయత్ గల్లీల్లో బళ్లు రోజుల తరబడి మురికినీళ్లలో నిలబడతాయి. రేకు ఛాంబర్ ఉన్న బళ్లలో అడుగు తుప్పుపట్టి సూదిమొన బెజ్జాలు పడతాయి. అలాంటి చోట సిలికాన్ గమ్ పూసి పంపిస్తే నమ్మకండి. నీళ్లు తగ్గాక డిప్‌స్టిక్ తీసి చూడండి. నూనె పాలు కలిసినట్టు తెల్లబడితే తాళం ముట్టుకోవద్దు, టోయింగ్ చేయించండి.

టర్బో నిజంగానే పోయిన రోజు ఉండదని నేననను. ఇరుసు ముందుకూ వెనక్కీ ఆడుతుంటే, రెక్కలు అరిగి సైరన్‌లా కూత పెడుతుంటే బండి నడపడం ఆపేయాలి. పోయిన టర్బో నుంచి నూనె ఇంజన్‌లోకి ధారగా వెళ్తే డీజిల్ ఇంజన్ దాన్నే తాగి, తాళం తీసేసినా ఆగకుండా గర్జిస్తూ పోతుంది. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, పై గేరు వేసి క్లచ్ వదిలేస్తే మాన్యువల్ బండి ఆగుతుంది. ఇది ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

టర్బో కొత్తదో రిపేరు చేసిందో బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. నూనె పైపు కొత్తది వేశారా, ఇంటర్‌కూలర్ విప్పి కడిగారా, నూనె, ఫిల్టర్ మార్చారా, స్టార్ట్ చేసేముందు టర్బో రంధ్రంలో చేత్తో నూనె పోశారా అన్నది కళ్లారా చూడండి. ఇవేవీ చేయని మెకానిక్ ఎన్నేళ్ల గ్యారంటీ ఇస్తానన్నా ఒప్పుకోవద్దు.