పిడికెడు చెక్కపొట్టు

పొద్దున్నే పిల్లల గదిలోకి వెళ్ళగానే నేను చేసే మొదటి పని, నీళ్ళ డబ్బా పక్కనున్న చెక్కపొట్టు ఒక పిడికెడు తీసి గట్టిగా పిసికి వదలడం. పొడిపొడిగా వేళ్ళ సందుల్లోంచి రాలిపోతే సరే. సున్నుండలా ముద్ద కట్టిందంటే మాత్రం టీ కూడా తాగకుండా ఆ మూలంతా తవ్వి బయట పారేస్తాను. ఆరేళ్ళ కిందట ఈ అలవాటు లేదు. ఉండి ఉంటే ఏడు టర్కీ పిల్లలు నా చేతుల్లో పోయేవి కావు.

షువైఖ్ అనగానే మనవాళ్ళకి ఓడరేవూ, ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీలూ, టైర్ల కొట్లూ గుర్తొస్తాయి. ఇళ్ళుండే షువైఖ్ వేరు. ఎత్తు ప్రహరీలు, ఖర్జూరపు చెట్లు, మధ్యాహ్నం పూట మనిషి అలికిడి లేని వీధులు. అలాంటి వీధిలో ఒక ఇంట్లో నేను డ్రైవర్ని. రాజంపేట వైపు నుంచి వచ్చి పద్నాలుగేళ్ళు. మా యజమానికి, బాబా అంటాం ఆయన్ని, పక్షులంటే ప్రాణం. నాకు కోళ్ళ సంగతి తెలుసని రెండో ఏటికల్లా కనిపెట్టి, ఇంటి వెనక దొడ్డి కూడా నా చేతికిచ్చాడు. నాకూ అది ఇష్టమే. షువైఖ్‌ని ఆనుకునే ఉన్న అల్ రాయ్‌లో శుక్రవారం సంత జరుగుతుంది. ఆ రద్దీలో పక్షుల పంజరాల మధ్య నడుస్తుంటే కువైట్‌లో ఉన్నట్టే ఉండదు.

ఆ ఏడాది వేసవి మొదట్లో ఇరవై టర్కీ పిల్లలు, ముప్పై గిన్నీకోడి పిల్లలు పెట్టాం. గిన్నీకోడి పెద్దదయ్యాక రాయి లాంటిది. గేటు దగ్గర కొత్త మనిషి కనబడితే వీధంతా వినబడేలా అరుస్తుంది, ఎండకీ దుమ్ముకీ లెక్కచెయ్యదు. పసిగా ఉన్నప్పుడు మాత్రం దానంత సున్నితమైన ప్రాణి ఇంకోటి లేదు. ఎర్రటి కాళ్ళు, తలమీద గోధుమరంగు చారలు, కాస్త తడిసినా చలికి వణికిపోతుంది. టర్కీ పిల్ల దానికన్నా అమాయకం. ఎదురుగా మేత పెట్టినా కొన్నిసార్లు ముక్కు పట్టి చూపించాలి.

మూడో వారంలో ఒక పొద్దున ఒక టర్కీ పిల్ల మూలన విడిగా నిలబడి ఉంది. భుజాలు పైకి ముడిచి, రెక్కలు కిందికి వేలాడేసి, కళ్ళు మూసుకుని. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. వెనక ఈకలకి రెట్ట అంటుకుని ఎండిపోయి ఉంది. నేను రక్తం కోసం చూశాను. మా ఊళ్ళో కోడిపిల్లలకి రగతం పడితేనే కదా కాక్సీ జబ్బు అనేది. ఇక్కడ రక్తం లేదు. నీళ్ళలాంటి తెల్లటి రెట్ట, అందులో జిగురు. ఏసీ చలి తగిలిందనుకుని, లైటు కిందికి జరిపి, నీళ్ళలో విటమిన్ చుక్కలు వేసి డ్యూటీకి పోయాను. సాయంత్రానికి రెండు పోయాయి. మర్నాటికి ఇంకో మూడు.

కబ్ద్‌లో జాఖూర్, అంటే పశువుల దొడ్డి, చూసుకునే సుండుపల్లె మామకి ఫోన్ చేశాను. గొర్రెలూ గుర్రాలూ కోళ్ళూ అన్నీ ఆయన చేతిమీదే బతుకుతాయి.

“రగతం కూడా పడలేదు మామా. చలే అయ్యుంటుంది.”

“అల్లుడూ, టర్కీ రగతం చూపించి చావదురా. అది కోడి కాదు. చచ్చినదాన్ని ఐసులో పెట్టి డాక్టరు కాడికి తీసకపో.”

అది కోడి కాదు. ఆ మూడు మాటలు తెలియకే మనం ఈ పక్షుల్ని పోగొట్టుకుంటున్నాం. చూడటానికి కోడిలా ఉంటుంది, గింజ తింటుంది, గుడ్డు పెడుతుంది కాబట్టి కోడి జబ్బు గుర్తులే వెతుకుతాం, కోడి మేతే పెడతాం, కోళ్ళతోనే కలిపి తిప్పుతాం. మూడూ తప్పులే. మొదటి తప్పు నేను అప్పటికే చేసేశాను.

డాక్టరు చచ్చిన పిల్లని నా ముందే కోశాడు. పేగు ఉబ్బి పల్చబడింది. గుడ్డిపేగుల్లో విరిగిన పాల ముద్దలాంటి తెల్లటి గడ్డ. అందులోంచి చీపురుపుల్ల మొనంత తీసి అద్దం మీద రుద్ది మైక్రోస్కోపు కింద పెట్టి, “చూడు” అన్నాడు. చాటలో జొన్నలు చెరిగినట్టు ఎన్నో గుండ్రటి గుడ్లు, ఒక్కోదానికి రెండు గీతల పెంకు. కాక్సీ తెచ్చే ఐమీరియా అనే ఏకకణ జీవి గుడ్లు అవి. కోడికి వచ్చే ఐమీరియా టర్కీకి రాదు, టర్కీది గిన్నీకోడికి రాదు. ఎవరి పురుగు వాళ్ళదే. రెట్టలో పడ్డ గుడ్డు వెంటనే హాని చెయ్యదు. తడి, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వానికొస్తుంది. అప్పుడు దాని లోపల ఎనిమిది పిల్ల జీవులు తయారవుతాయి. పిల్ల దాన్ని మేతతో పాటు మింగితే అవి పేగు గోడల్లోకి దూరి, వేలల్లో పెరిగి, వారం తిరిగేలోపే రెట్టలో మళ్ళీ గుడ్లై బయటికొస్తాయి. బ్లీచింగు నీళ్ళు చల్లినా ఆ గుడ్డు చావదు. ఎండకీ పొడికీ మాత్రం తట్టుకోలేదు.

ఎడారిలో తడి ఎక్కడిది? ఇదే దేశంలో మిత్రిబా అనే చోట 2016 జులై 21న 53.9 డిగ్రీల ఎండ కాసింది. అయితే ఆ ఎండే మా పిల్లల గదికి ఏసీ పెట్టించింది. ఏసీ పైపు చిట్లి గోడవెంట చుక్కలు కారుతున్నాయి. ఆ గోడ కిందే నీళ్ళ డబ్బా. పిల్లలన్నీ చల్లగా ఉందని అక్కడే చేరి, అక్కడే రెట్ట వేసి, అక్కడే గీరుకుని తింటున్నాయి. గది మొత్తం ఎముకలా ఎండి ఉంటే, ఆ ఒక్క చాపంత జాగాలో మా ఊరి వానాకాలం ఉంది. రోజుకి నాలుగుసార్లు ఆ గదిలోకి వెళ్ళేవాణ్ణి. ఆ చాపంత తడిని చూసి కూడా చూడలేదు.

మందు ఆంప్రోలియం. జబ్బు పడ్డ పిల్ల మేత మానేస్తుంది గానీ నీళ్ళు తాగుతూనే ఉంటుంది, అందుకే మందు నీళ్ళలో ఇస్తారు. తీవ్రంగా ఉంటే లీటరుకి 240 మిల్లీగ్రాముల అసలు మందు, 20 శాతం పొడి అయితే 1.2 గ్రాములు. మూడు నుంచి అయిదు రోజులు అలా ఇచ్చి, తర్వాత నాలుగో వంతుకి తగ్గించి ఒకటి రెండు వారాలు సాగించాలి. డబ్బా మీద శాతం చదవకుండా చెంచా లెక్కన కలపకూడదు, తూకం వెయ్యాలి. గదిలో ఇంకే నీళ్ళూ ఉండకూడదు, రోజూ కొత్తగా కలపాలి. కువైట్ వేసవిలో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు కాగుతుంటాయి, వేడినీళ్ళు పిల్లలు ముట్టవు. వంటగదిలోంచి ఫిల్టరు నీళ్ళు తెచ్చి, చల్లార్చి, అందులో కలిపాను.

డాక్టరు చెప్పినవాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది విటమిన్ సంగతి. ఆంప్రోలియం చూడటానికి బి1 విటమిన్‌లాగే ఉంటుంది. పురుగు దాన్ని విటమిన్ అనుకుని తీసుకుని, అసలు బి1 అందక చస్తుంది. మందుతో పాటు మనం బి విటమిన్ చుక్కలు కలిపితే పురుగుకి అన్నం పెట్టినట్టే. నేను ప్రేమతో వేసిన చుక్కలు అవే. మందు అయిపోయాక వెయ్యాల్సినవి, మందుతో పాటు వేస్తే ఏమయ్యేదో ఆయన చెబుతుంటే సీసా జేబులో పెట్టుకుని తల దించుకున్నాను. ఆ వారం ఇంకో రెండు పోయాయి. పదమూడు నిలిచాయి. టర్కీ పురుగు సోకదు కాబట్టి గిన్నీకోడి పిల్లలు ఒక్కటి తప్ప అన్నీ బతికాయి.

ఇక మేత. కోళ్ళ మేత బస్తా మీద చిన్న అక్షరాలు చదవకుండా ఈ పిల్లలకి పొయ్యడం, జబ్బుకన్నా ఘోరమైన పని. బ్రాయిలర్ మేతలో కాక్సీ రాకుండా ముందుగానే మందు కలుపుతారు. సాలినోమైసిన్ ఉంటే అది కోడికి రక్ష, టర్కీకి విషం. మోనెన్సిన్ తిన్న గిన్నీకోళ్ళు చచ్చిపోయాయి. ఈ రెండు మందులూ గుర్రాన్ని కూడా చంపుతాయి. మామ ఇది వినగానే ఫోన్ పెట్టేసి, కోళ్ళ మేత బస్తాలన్నీ గుర్రాల కొట్టంలోంచి వేరే కొట్టులోకి మార్పించాడు. పైగా కోడి మేతలో ఈ పిల్లలకి సరిపడా మాంసకృత్తులుండవు. టర్కీ పిల్లకి మొదట్లో 28 శాతం దాకా కావాలి, గిన్నీకోడి పిల్లకి 24 నుంచి 26. మేం ఉడికించిన గుడ్డు సన్నగా తరిగి కలిపేవాళ్ళం. నాకు అరబీ మాట వచ్చుగానీ చదువు రాదు. బస్తా మీద అక్షరాలు ఫోటో తీసి బాబా పెద్దకూతురికి చూపించేవాణ్ణి. ఆ అమ్మాయి ఓపికగా ఒక్కో మందు పేరూ పలికేది.

మూడో తప్పు కలిపి తిప్పడం. దీనికి మందే లేదు కాబట్టి ఎక్కువసేపు చెబుతాను.

1895లో థియోబాల్డ్ స్మిత్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో టర్కీలని చంపుతున్న ఒక జబ్బుని వర్ణించాడు. గంధకం రంగు పచ్చటి రెట్ట, కాలేయం మీద గుండ్రటి పుండ్లు. ఆ పరాన్నజీవి పేరు హిస్టోమోనాస్ మెలియాగ్రిడిస్. మెలియాగ్రిస్ అంటే గ్రీకులో గిన్నీకోడే. అన్న చనిపోతే ఏడ్చి ఏడ్చి గిన్నీకోళ్ళయిపోయిన అక్కచెల్లెళ్ళ కథ ఒకటుంది వాళ్ళకి, ఈకల మీది తెల్లచుక్కలు ఆ కన్నీళ్ళట. ఈ పరాన్నజీవి ఒంటరిగా బయట బతకలేదు. గుడ్డిపేగుల్లో ఉండే సన్నటి నట్ట గుడ్డులో దాక్కుని, ఆ గుడ్డు మట్టిలో పడి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుంది. వానపాము దాన్ని మింగితే వానపాములోనూ ఉంటుంది. మన నాటుకోడి కడుపులో ఆ నట్ట ఉన్నా కోడి గింజలేరుకుంటూ హాయిగా తిరుగుతుంది. అదే దొడ్లో తిరిగే టర్కీ చస్తుంది. పనిచేసే మందులు కొన్ని ఒకప్పుడు ఉండేవి. తినే పక్షులకి వాడొద్దని అమెరికా, ఐరోపా దేశాలు నిషేధించాయి. మిగిలిన నైటార్‌సోన్ కూడా 2015 చివర్లో అమెరికా బజారు నుంచి పోయింది. ఇప్పుడు చెయ్యగలిగింది నట్టల మందు వేళకి వెయ్యడం, కోళ్ళనీ టర్కీలనీ వేరువేరుగా ఉంచడం.

ఈ సంగతి తెలిసిన రోజే రాజంపేటలో మా చెల్లెలికి వీడియో కాల్ చేశాను. నేను పంపిన డబ్బుల్తో ఆరు టర్కీలు పెట్టుకుంది. గుడ్లు నాటుకోడి కింద పొదగేసింది. నాటుకోడి ఇరవై ఎనిమిది రోజులూ ఓపిగ్గా కూర్చుంటుంది కదా అని. నిజమే, అంతకన్నా మంచి తల్లి లేదు. కానీ పిల్లలు లేచాక ఆ తల్లి గీరి చూపించే మట్టే వాటికి ప్రమాదం.

“అన్నా, తల్లి కాడ నుంచి పిల్లల్ని లాక్కోమంటావా?”

“లాక్కోమనే అంటున్నా పాపా. పొదిగేదాకా దానిది. తర్వాత లైటు కింద నువ్వే తల్లివి.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత తిరుపతి పశువైద్య కాలేజీలో చూపించుకొచ్చిన పక్కింటాయన్ని అడిగి, ఆయనా అదే అన్నాక, దొడ్డికి అడ్డంగా తడిక కట్టించింది. నేను ఉండేది కువైట్ శాస్త్ర పరిశోధన సంస్థకి దగ్గర్లో, 1967 నుంచి ఉన్న సంస్థ అది. ఆ గేటు ముందు నుంచి రోజూ బండి తోలుతాను. అయినా నా చెల్లెలి దొడ్లో పిల్లలకి నేను చెయ్యగలిగింది ఆ ఫోన్లో చూడటమే.

మొన్న శుక్రవారం మళ్ళీ చేశాను. కొత్త పిల్లలకి ఇరవై ఒకటో రోజు. నీళ్ళ గిన్నె ఇటుకల మీద జాలీ వేసి ఎత్తులో పెట్టింది, కింద ఊక పొడిగా ఉంది. పిడికెడు పిసికి చూపించమంటే చూపించింది, రాలింది. “ఫోను కొంచెం కిందికి తిప్పు” అన్నాను. తడిక కింద జానెడు సందు. నల్లటి నాటుకోడి అందులోంచి దూరి టర్కీ పిల్లల పక్కన మట్టి గీరుతోంది. చెల్లెలు దాన్ని అదిలించి, ఫోను గోడమీద పెట్టి, రాయి ఒకటి దొర్లించుకొచ్చి ఆ సందులో అడ్డంగా పెట్టింది.