నిద్దరమొగమూ... స్లగబెడ్డూ

మా తుగ్గలిలో తొలకరి చినుకులు పడితే జనం చేలల్లో వజ్రాలు వెతుక్కుంటారు. నేను మాత్రం మొన్న మా మనవరాలి ఇంగ్లీషు గైడు ముందేసుకుని మాటలకు అర్థాలు వెతుకుతూ కూర్చున్నాను. కారణం లేకపోలేదు. కాలేజీ పరీక్షలో 'స్పెండ్‌థ్రిఫ్ట్' అంటే పొదుపుగా ఖర్చుపెట్టేవాడని రాసి మార్కు పోగొట్టుకుంది పిల్ల.

"స్పెండ్ అంటే ఖర్చు, థ్రిఫ్ట్ అంటే పొదుపు. ఇందులో నా తప్పేముందవ్వా?" అంటుంది.

నిజమే మరి. పాత ఇంగ్లీషులో థ్రిఫ్ట్ అంటే కూడబెట్టిన సొత్తు కూడానట. ఆ సొత్తు కాస్తా ఖర్చుచేసి కూర్చున్నవాడు స్పెండ్‌థ్రిఫ్ట్. ఆ సంగతి చెప్పకుండా 'దుబారా చేయువాడు' అని రాసేసి గైడువారు చేతులు దులుపుకున్నారు.

ఇలాంటి జంటమాటలు ఒకప్పుడు ఇంగ్లీషులో కుప్పలుగా ఉండేవి. చాలామటుకు వాడుక తప్పాయి. ముందు పని, వెనక వస్తువు. ముంత ఎత్తి గటగటా తాగేవాడు 'టాస్‌పాట్'. చెకుముకి రాయికైనా తోలు వొలవబోయేవాడు 'స్కిన్‌ఫ్లింట్'. తగాదాలు పుట్టించి పెంచేవాళ్లు 'బ్రీడ్‌బేట్'. విందు వాసన పసిగట్టి పిలవకుండానే వచ్చి కూర్చునేవాడు 'స్మెల్‌ఫీస్ట్'. ఇక 'లిక్‌స్పిటిల్' సంగతి భోజనాలవేళ చెప్పుకునేది కాదు లెండి.

తెలుగు నడక దీనికి ఎదురు. తాగుబోతు, పిసినిగొట్టు, తంపులమారి... గుణం ముందు, మనిషి వెనక. మాకు దగ్గర్లో ఎర్రగుడి దగ్గరున్న అశోకుడి శాసనంలో కొన్ని వరుసలు ఎడమనుంచి కుడికీ, కొన్ని కుడినుంచి ఎడమకీ నడుస్తాయి. అలాగన్నమాట. ఎటునుంచి నడిచినా చేరేది ఆ తిట్టు దగ్గరికే. స్మెల్‌ఫీస్ట్‌కు మాత్రం ఒక్కమాటలో తెలుగు నాకు తట్టలేదు. ఆ పందెం ఇంగ్లీషువాళ్లదే.

గైడు మీద నా అసలు కోపం వేరే. షేక్‌స్పియర్ 'రోమియో జూలియట్' నాటకంలో పెళ్లినాటి పొద్దున దాది వచ్చి జూలియట్‌ను లేపుతూ 'స్లగబెడ్' అంటుంది. పక్క వదలని పిల్లా అని. ఆ పిల్ల మందు తాగి శవంలా పడి ఉందని పాపం దాదికి తెలీదు. పాలిచ్చి పెంచిన చనువుతో ముద్దుగా తిడుతోంది. మరుక్షణం గుండెలు బాదుకోబోతోంది. గైడువారు ఆ మాటకు 'సోమరి' అని అచ్చువేశారు! పెళ్లికూతుర్ని సోమరీ అని ఎవరమ్మా లేపేది? ఇంగ్లీషు మాటలోని ముద్దూ పోయింది, మనింట్లో ఉన్న మాటా పిల్లకు అందకుండా పోయింది. 'నిద్దరమొగమా' అంటే చాలదూ? నా పెళ్లయ్యేదాకా మా అమ్మ నన్ను రోజూ ఆ మాటతోనే లేపింది. ఒక్కరోజూ అది నాకు తిట్టనిపించలేదు.

ఇదంతా మనవరాలికి చెప్పాను.

"అట్లా రాస్తే మార్కు వేస్తారా అవ్వా?"

"ఏమోనమ్మా" అన్నాను.

కాసేపు ఆలోచించి, పెన్సిలు తీసుకుని, 'సోమరి' పక్కన చిన్నక్షరాలతో రాసుకుంది.