అప్ప చేతికి చేరాల్సిన మూడొందలు

శనివారం పొద్దున్నే పెందుర్తి వైపు నుంచి వచ్చే కార్లు మా కొత్తవలస మీదుగా ఎస్.కోట దారి పడతాయి. కొన్ని నేరుగా అరకు ఎక్కుతాయి. కొన్ని తాటిపూడి రిజర్వాయరు చూసి వెనక్కి తిరుగుతాయి. ఇంకొన్ని దారిలోని మామిడి తోటల్లో ఓ రాత్రి ఆగుతాయి. ఈమధ్య ఆ కార్ల వెనక అద్దంలోంచి తల బయటపెట్టి గాలి పీలుస్తున్న కుక్కలు ఎక్కువ కనబడుతున్నాయి. తోటలో రెండు గదుల ఇల్లు కట్టుకుని రోజు అద్దెకిచ్చే నాకు వచ్చే ఫోన్లు కూడా దాన్ని బట్టే మారాయి. ఏసీ ఉందా, వండుకోవడానికి గ్యాసు ఉందా అని అడిగాక మూడో మాట ఇదే: “మా బాబుని తీసుకురావచ్చా అండీ? దానికి ఎక్స్‌ట్రా ఎంత?”

తీసుకురావచ్చు. డబ్బు కూడా తీసుకుంటాను. నా ఉద్దేశంలో ఆ డబ్బు కుక్క మీద వేసే పన్ను కాదు, ఇంటి యజమానికి మిగిలే లాభమూ కాదు. కుక్క వెళ్లిపోయాక ఆ గదిని మళ్లీ గదిగా మార్చే మనిషి కూలి. అలా కాకపోతే అడిగే హక్కు మనకు లేదు.

కుక్కలన్నీ కార్లలోనే ఎందుకొస్తున్నాయో మా రైల్వే ఊరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కిరండూల్ లైను మొదలయ్యేదే ఇక్కడ. 2017లో అద్దాల పెట్టె తగిలించాక అరకు రైలుకు గిరాకీ ఎంత పెరిగినా, అందులో కుక్కను ఒళ్లో కూర్చోబెట్టుకుని బొర్రా సొరంగాలు చూపించడం కుదరదు. ఫస్ట్ ఏసీ ఉన్న రైళ్లలో కూపే మొత్తం తీసుకున్నవాళ్లు తమతో ఉంచుకోవచ్చు. లేదంటే గార్డు దగ్గర బ్రేక్ వ్యానులో డాగ్ బాక్సే. రైల్వే లెక్కలో ఒక సంగతి నాకు చాలా నచ్చుతుంది. కుక్కను తూకం వెయ్యరు. ఫస్ట్ ఏసీలో అయితే 60 కిలోల లగేజీగా, డాగ్ బాక్సులో అయితే 30 కిలోలుగా లెక్కకడతారు. బక్క పామరేనియన్ అయినా, దూడంత గ్రేట్ డేన్ అయినా అంతే. జాతిని చూసి, యజమాని కారును చూసి రేటు పెంచడం ఉండదు. తోటల్లో గదులిచ్చే మేమూ అలాగే ఒక లెక్క పెట్టుకుని, దాన్ని ముందే చెప్పాలి.

ఇక పని సంగతి. మా గదులు చూసే ఆవిణ్ని అప్ప అంటాను. మా వైపు పెద్దక్కను పిలిచే పిలుపు అది. ఆవిడ మాటల్లోనే చెప్పాలంటే, “మనుసులు ఎల్లిపోనాక గంటలో గది సర్దీగల్ను బావూ. కుక్క తొంగున్న గదయితే పూటంతా దానికే సరిపోద్ది.”

ఆ పూటంతా ఏం చేస్తుందో పక్కన నిలబడి చూశాను. ముందు దుప్పట్లు. వాటిని తిన్నగా వాషింగ్ మెషీన్లో వెయ్యకూడదు. తడిసిన బొచ్చు ఉండలు కట్టి, నీళ్లు పోయే గొట్టానికి అడ్డం పడుతుంది. కాబట్టి ఎండలో తీగ మీద ఆరేసి, కర్రతో కొట్టి, పొడిగా ఉన్నప్పుడే దులపాలి. సోఫా మీది బొచ్చు చీపురుకు రాదు. అప్ప రబ్బరు గ్లౌజు తొడుక్కుని, దాన్ని తడిపి, ఒకే వైపుకు నిమురుతూ పోతుంది. బొచ్చంతా వేళ్ల కింద చుట్టలు చుట్టుకుంటుంది. ఆ తరవాత దోమతెర అంచులు, మంచం కింద, ఫ్యాను రెక్కల మీద. లాబ్రడార్ వస్తే ఫ్యాను రెక్కలు కూడా తుడవాలని నాకు ఆవిడే చెప్పింది.

తడి సంగతి ఇంకా కష్టం. మగకుక్క కొత్త ఇంట్లోకి రాగానే ఇది నాదని చెప్పుకోవాలనుకుంటుంది. బల్ల కాలు, తలుపు చట్రం, కర్టెన్ అంచు దానికి కావాలి. మనం మామూలుగా తుడిచి ఫినాయిల్ కొట్టి వదిలేస్తే మన ముక్కుకు వాసన పోతుంది కానీ దాని ముక్కుకు పోదు. తరవాత వచ్చే కుక్క తిన్నగా అక్కడికే వెళ్తుంది. అమ్మోనియా ఉన్న మందులతో తుడిస్తే మరీ తప్పు, మూత్రం వాసనలో ఉండేదీ అదే కాబట్టి. ఎంజైముతో పనిచేసే ద్రావణాలు దొరుకుతాయి. పోసి వెంటనే తుడిచెయ్యకుండా కాసేపు నాననివ్వాలి. పిల్లిని తెచ్చే అతిథి వస్తే ఫినాయిల్ సీసానే బయట పెట్టేస్తాం. ఫినాల్ జాతి మందులను పిల్లి ఒళ్లు అరిగించుకోలేదు. నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే దానికి విషమే. బూరుగు దూది పరుపులు కూడా కుక్కలకిచ్చే గదిలోంచి తీసేశాం. ఒకసారి తడిస్తే ఉతకడానికి లేదు, ఎన్నాళ్లు ఎండబెట్టినా లోపలి చెమ్మ వదలదు. ఇప్పుడు ఫోము పరుపు, దాని మీద నీళ్లు దిగని తొడుగు.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది గోమారి. కొందరు పిడుదు అంటారు. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కుక్క మీదనుంచి రాలి, గోడ పగుల్లోనో తలుపు సందులోనో దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కల గోమారికి ఇంటి లోపలే గుడ్డు నుంచి పెద్దదయ్యేదాకా బతుకు సాగిపోతుంది. తిండి లేకుండా నెలలపాటు కాచుకుని ఉండగలదు కూడా. దాని కాటుతో కుక్కలకు వచ్చే జ్వరం రక్తకణాలను తినేస్తుంది. మన కోస్తా ఉక్కపోతలో అది బాగా కనిపించే జబ్బు. అందుకని గోమారి మందు వేయించారా, రేబిస్ టీకా కార్డు ఉందా అని ముందే అడుగుతాను. కార్డు ఫోటో వాట్సాప్‌లో పంపమంటే కొందరు నొచ్చుకుంటారు. వచ్చే వారం అదే గదిలో దిగబోయే కుక్క కోసం కూడా అడుగుతున్నానని చెబితే వాళ్లే అర్థం చేసుకుంటారు.

నా లెక్క ఇది. కుక్క వస్తే బస మొత్తానికి 500 రూపాయలు. అందులో 300 ఆ రోజే అప్ప చేతికి, మిగిలిన 200 మందులకూ తొడుగులకూ. రాత్రికి ఇంత అని తీసుకునేవాళ్లున్నారు. అది నాకు సరిగ్గా తోచదు. ఒక్క రాత్రున్నా మూడు రాత్రులున్నా పరుపు ఎత్తి దులిపేది ఒక్కసారే. రెండు కుక్కలొస్తే 800, రెట్టింపు కాదు. గది ఎలాగూ ఒకటే కదా.

“పిల్లలు పక్క తడిపితే డబ్బు అడగరు కదా?” అని ఒకావిడ ఫోనులో గట్టిగానే అడిగింది. మంచి ప్రశ్నే. మా దగ్గరికొచ్చే కుటుంబాల్లో దాదాపు అందరికీ పిల్లలుంటారు, వాళ్లు చేసే పాడు అసలు అద్దెలోనే కలిసిపోయి ఉంది. కుక్క అలా అందరితో రాదు. దాని పనిని కూడా అద్దెలో కలిపేస్తే కుక్క లేని కుటుంబం ఆ కూలి కడుతుంది. వేరుగా అడగడానికి నాకు తెలిసిన న్యాయమైన కారణం ఇదొక్కటే. మా నాయనమ్మ కాలంలో బండి కట్టుకుని వచ్చిన చుట్టం ఎడ్లకు గడ్డి వేసినందుకు ఎవరూ పైసా అడగలేదు, నిజమే. ఆ ఎడ్లు చెట్టు కిందే ఉండేవి, పోతూపోతూ పెరట్లో పేడ ఇచ్చి పోయేవి.

ఫీజు వేరు, డిపాజిట్ వేరు. ఈ రెండూ కలిపేసి గొడవలు తెచ్చుకునేవాళ్లను చాలామందిని చూశాను. తుడిచే పనికి ఇచ్చేది ఫీజు, అది తిరిగి రాదు. నష్టం జరిగితే పట్టుకోవడానికి ఉంచేది డిపాజిట్, ఏమీ జరగకపోతే అది తిరిగి వెళ్తుంది. పక్క కళ్లంలో నాటుకోడి పెట్టను కుక్క పట్టేస్తే ఫీజు కట్టాను కదా అంటే చెల్లదు. ఆ కోడి డబ్బు కోడి గల మనిషికి వెళ్లాలి. ఊళ్లో ఊరికే తిరిగే కుక్కకు కోళ్లు అలవాటే. అపార్టుమెంటులో పెరిగిన కుక్కకు అది పరిగెత్తే బొమ్మ. అందుకే గేటు దాటితే గొలుసు ఉండాల్సిందే.

డబ్బు తీసుకున్నాక మనవైపు నుంచి ఇచ్చేది కూడా ఉండాలి కదా. మా బంధువులు ఓ పేరున్న రిసార్టులో దిగినప్పుడు ‘పెట్ ఫ్రెండ్లీ’ అన్న మాట చూసే వెళ్లారు. గేటు దగ్గరకొచ్చాక రాత్రికి ఇంత అని చెప్పి, కుక్కను కారు షెడ్డులో కట్టెయ్యమన్నారట. నీళ్ల గిన్నె కూడా లేదు. అలాంటి చోట తీసుకునే డబ్బు దేనికో నాకు అర్థం కాదు. కుక్క గదిలోకే రాకపోతే ఎవరు ఏం తుడిచినట్టు? మా దగ్గర వెడల్పాటి నీళ్ల గిన్నె, పాత దుప్పటి, మామిడి నీడలో తడకలు కట్టిన జాగా, దగ్గర్లోని పశువుల డాక్టరు నంబరు ఉంటాయి. మే నెలలో హస్కీని తెస్తామంటే మాత్రం వద్దని చెబుతాను. మంచు దేశపు కుక్కకు మా ఉక్కపోత శిక్ష. కొండెక్కి అరకులో దిగమంటాను.

ఎయిర్‌బీఎన్‌బీలో పెట్ ఫీజుకు వేరే గడి ఉంది. అతిథి కుక్కను కూడా లెక్కలో చూపితే మొత్తం ధరలోనే ఆ డబ్బు కనబడుతుంది, గేటు దగ్గర కొత్తగా పుట్టదు. చూపు లేనివాళ్లకు దారి చూపే శిక్షణ పొందిన కుక్కల్లాంటి వాటికి ఆ ఫీజు వెయ్యకూడదన్నది వాళ్ల నియమం. అలాంటి కుక్క మా తోటకు ఇంతవరకూ రాలేదు. వస్తే గది తుడిచిన కూలి నా అద్దెలోంచి అప్పకు ఇస్తాను.

కుక్కా పిల్లీ పడుకోని గది ఒకటి అచ్చంగా వేరే ఉండాలన్నది నేను పట్టుబట్టి పెట్టుకున్న నియమం. పిల్లి వెళ్లిపోయాక కూడా దాని ఒంటి పొట్టు, లాలాజలం తాలూకు రేణువులు నెలల తరబడి గదిలో ఉండిపోతాయి. ఆయాసం ఉన్న పిల్లవాడికి ఎంత తుడిచిన గదైనా పనికిరాదు. పొద్దున్నే గదిలోనే దీపం పెట్టుకునే పెద్దవాళ్లూ వస్తారు. వాళ్ల పట్టింపూ పట్టింపే.

ఈ వేసవి నుంచి ఇంకో మార్పు చేశాం. చెప్పింది అప్పే. బొర్రా గుహలు చూసొస్తామని కుక్కను గదిలో పెట్టి తాళం వేసి వెళ్లేవాళ్లున్నారు. కొత్త చోట ఒంటరిగా ఉండలేక అది తలుపు కింది భాగమంతా గోళ్లతో గీకేస్తుంది. అప్ప ఆ గీతల మీద చెయ్యి పెట్టి చూపించి, “ఇది పాడు సెయ్యడం కాదు బావూ, బెంగ,” అంది. అందుకని కుక్కను ఒంటరిగా వదలకూడదని ఫోనులోనే చెప్పేస్తున్నాను. వెళ్లక తప్పకపోతే డిగ్రీ చదువుతున్న అప్ప కొడుకు వచ్చి దాని దగ్గర కూర్చుంటాడు, సాయంత్రం చల్లబడ్డాక చెరువు గట్టు దాకా తిప్పుకొస్తాడు. దానికి ఎంత ఇవ్వాలో ఆ అబ్బాయితోనే మాట్లాడుకోమంటాను.