తూకం కుదిరిన బండి

మారుతి 800 అందం చూడాలంటే బండిని విప్పి చూడాలి. సీట్లు, కార్పెట్లు, తలుపుల లోపలి అట్టలు, డిక్కీలోని స్టెప్నీ, చప్పుడు తగ్గించడానికి నేలకు అంటించిన తారు షీట్లు, అన్నీ ఊడదీసి వట్టి రేకు డొల్లగా నిలబెట్టినప్పుడు దాని అసలు రూపు తెలుస్తుంది. తార్నాక నుంచి లాలాపేట వైపు పోయే దారిలో ఒక షెడ్డులో అలా నిలబెట్టిన బండిని చూశాను. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఆటోక్రాస్ పోటీ కోసం దాన్ని తయారు చేస్తున్నారు. షెడ్డుకు వచ్చినవాళ్లంతా బానెట్ ఎత్తి ఇంజన్ ఎంత లాగుతుందని అడుగుతారు. నన్ను కట్టిపడేసింది మాత్రం బ్యాటరీ ఎక్కడ పెట్టాలన్న వాళ్ల వాదన.

ఈ బండి పుట్టుక 1983 డిసెంబరు. సుజుకీ నమూనా, 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజన్, అది ముందు భాగంలో అడ్డంగా కూర్చుంటుంది, లాగేవి ముందు చక్రాలే. మొత్తం బరువు దాదాపు 650 కిలోలు. ఇంజన్‌ను అడ్డంగా తిప్పి ముక్కులోనే సర్దేసి, మిగతా చోటంతా మనుషులకు వదిలేసే ఈ పొందికకు దారి చూపింది 1959లో అలెక్ ఇసిగొనిస్ గీసిన మినీ. ఆ మినీ 1964, 1965, 1967లలో మాంటీ కార్లో ర్యాలీ గెలిచింది. తనకంటే ఎంతో బలమైన ఇంజన్లున్న కార్లను మంచు కొండల మలుపుల్లో వెనక్కి నెట్టింది. మన 800 అమ్మకాలు హైదరాబాద్‌లో 2010లోనే ఆగాయి, తయారీ 2014లో ఆగింది. ఇంటి బండిగా దాని ఉద్యోగం అయిపోయింది. అయినా మినీ వంశం నుంచి వచ్చిన ఒడ్డూ పొడుగూ దానిలో అలాగే ఉన్నాయి.

మలుపులో ఏం జరుగుతుందో చూడండి. మనిషితో కలిపి 660 కిలోల బండి అనుకుందాం. నేరుగా వెళ్తున్నప్పుడు కుడి, ఎడమలకు చెరో 330. దాని గురుత్వ కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉందనుకుంటే, చక్రాల నడుమ వెడల్పు సుమారు 1.2 మీటర్లు కాబట్టి, గట్టి మలుపులో భూమ్యాకర్షణకు 0.8 వంతు పక్కబలం పడ్డప్పుడు 220 కిలోలు లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి వెళ్లిపోతాయి. బయట 550, లోపల 110. కళ్లకు కనిపించేది కాస్త ఒరగడమే, లోపల జరిగింది ఒక మహా వలస. ఇక్కడ టైరుకున్న ఒక గుణం గుర్తుంచుకోవాలి. మోసే భారం రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందుకే బరువు ఒక పక్కకు పోగుపడే కొద్దీ మొత్తం మీద పట్టు నష్టమే. గురుత్వ కేంద్రాన్ని 5 సెంటీమీటర్లు దించితే ఆ 220లో 22 కిలోలు వలస పోకుండా తమ చోటనే నిలుస్తాయి. పైకప్పు మీద ఒక కిలో, నేల మీద ఒక కిలో తక్కెడలో ఒకటే, మలుపులో కాదు. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిన తర్వాత రేసు బండిలో ప్రతి బోల్టూ ఒక నిర్ణయంగా కనిపిస్తుంది.

విప్పడంలో ఒక చిక్కుంది. 650 కిలోల బండిలో నూటికి 62 వంతులు ముందు చక్రాల మీద ఉందనుకుందాం. అంటే ముందు 403, వెనక 247. వెనక సీటు, స్టెప్నీ, కార్పెట్లు తీసి 60 కిలోలు తగ్గించారు. అందులో 45 వెనక నుంచే పోయింది. మిగిలింది ముందు 388, వెనక 202. బండి తేలికైంది, ముక్కు మాత్రం నూటికి 65.8 వంతులకు బరువెక్కింది. తగ్గించిన కొద్దీ పొందిక చెడింది. ఆ షెడ్డు ఉస్తాద్ ఈ మాట లెక్కలేమీ లేకుండా చెప్పాడు: "తీసేసుడు ఎవడైనా తీస్తడు తమ్మీ. ఉన్నదాన్ని యాడ వెట్టాల్నో, గదే పని."

అలా వచ్చింది బ్యాటరీ వాదన. అది పది కిలోలు. బానెట్ కింది నుంచి తీసి రెండు మీటర్లు వెనక్కి, డిక్కీలోకి మారిస్తే, చక్రాల మధ్య దూరం 2,175 మిల్లీమీటర్లు కాబట్టి, తొమ్మిది కిలోలకు పైగా భారం ముందు నుంచి వెనక్కి పోతుంది. ముక్కు 64.2 వంతులకు దిగుతుంది. పిల్లలు అదే కావాలన్నారు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. ఎడమ సీటు వెనక, నేలకు ఆనించి, పెట్టెలో బిగించమన్నాడు. అక్కడైతే ఏడు కిలోలే మారతాయి, వాటా 64.6 దగ్గర ఆగుతుంది. ఆ 0.4 ఎందుకు వదులుకోవాలి? బరువు బండి కొసన ఉంటే మలుపు మొదలుపెట్టేటప్పుడు కదలనని మొరాయిస్తుంది, మలుపు ముగించేటప్పుడు ఆగనని లాగుతుంది. నడుమకు చేరిన బరువు బండితోపాటే తిరుగుతుంది. పైగా మన దేశంలో నడిపే మనిషి కుడి పక్కన కూర్చుంటాడు కాబట్టి బ్యాటరీ ఎడమన ఉంటే అతని బరువుకు కొంతైనా జవాబు. ఒక పెట్టె స్థానంలో మూడు ఆలోచనలు కలిశాయి: వెనక్కి, నడుమకు, ఎడమకు. దానికి నాలుగోది కూడా ఉంది, కిందికి. ఇంత తక్కువ వస్తువుతో ఇంత అర్థం పలికించడం నాకు గొప్ప రచనలాగే తోస్తుంది.

11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. ఏ అలంకారమైనా తన చోట ఉంటేనే శోభ. రేసు బండికి నేను వేసుకునే కొలమానం అదే. ముందు 50, వెనక 50 ఉంటేనే పరిపూర్ణమని చాలామంది నమ్మకం. వెనక చక్రాలు తోసే బండికి ఆ మాట నప్పుతుంది. ముందు చక్రాలే లాగి, ముందు చక్రాలే తిప్పే 800కి అది పరాయి ఆభరణం. ముక్కు మరీ తేలికైతే బయల్దేరేటప్పుడు చక్రాలు ఊరికే గిరగిర తిరుగుతాయి, బండి ముందుకు సాగదు. దానికి నూటికి అరవై ఒకటో రెండో ముందు ఉండటమే ఉచితం. సమానత వేరు, పొందిక వేరు.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడినప్పుడు నాకు ఈ తేడా బాగా తెలుస్తుంది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసిన ఆ గులాబి ఛాయ గ్రానైట్ భవనం 1939లో పూర్తయింది. ఎత్తైన ముఖద్వారం నడుమ బరువంతా గుమిగూడి ఉంటుంది, ఇరువైపుల రెక్కలు పొడుగ్గా, అణకువగా సాగిపోతాయి. రాతిలోనూ భారానికి ఒక కేంద్రం ఉంది, చూపు తనంతట తానే అక్కడికి చేరుతుంది. క్యాంపస్ రోడ్ల మీద పొద్దున్నే కారు నేర్చుకునేవాళ్లు తిరుగుతుంటారు. ఆ రోడ్లు పందేలకు కావు, కాకూడదు కూడా. వేగానికి మూసిన ట్రాకే చోటు. ఆలోచనకు మాత్రం ఈ క్యాంపస్ కంటే మంచి చోటు లేదు.

కారుకు ఆ కేంద్రం కంటికి కనిపించదు. అయినా దాన్ని పట్టుకోవచ్చు. ముందు చక్రాలను కాంటాల మీద ఉంచి, స్ప్రింగులు కదలకుండా షాకబ్జర్ల చోట ఇనుప కడ్డీలు బిగించి, వెనక భాగాన్ని 40 సెంటీమీటర్లు పైకెత్తాలి. కేంద్రం అర మీటరు ఎత్తులో ఉన్న 590 కిలోల బండికి ముందు తూకం దాదాపు 13 కిలోలు పెరుగుతుంది. ఆ పెరుగుదల నుంచి వెనక్కి లెక్కకడితే ఎత్తు తేలుతుంది. తార్నాక దాటి ఉప్పల్ రోడ్డులోకి వెళ్తే ఎన్‌జీఆర్‌ఐ వస్తుంది. భూమి ఆకర్షణలోని సన్నని తేడాలను కొలిచి అడుగున ఏముందో ఊహించే శాస్త్రజ్ఞులుండే చోటు. ఈ పిల్లలు చేసిందీ ఆ జాతి పనే. తాకలేని దాన్ని తూకంతో తెలుసుకున్నారు.

చివరి ఘట్టం నాలుగు మూలల తూకం. బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాంటాలు నాలుగు అద్దెకు తెచ్చారు. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో నాలుగింటినీ ఒకే మట్టానికి తెచ్చి, ఎత్తు చాలని చోట పలుచని పలకలు పెట్టారు. మన లెక్కనే సాగదీద్దాం. 70 కిలోల మనిషి కూర్చున్నాక ముందు ఎడమ 196, ముందు కుడి 218, వెనక ఎడమ 119, వెనక కుడి 127. బండి బోల్తా పడితే మనిషిని కాపాడే ఇనుప చట్రం, రోల్ కేజ్, బరువును లెక్క సులువు కోసం పక్కన పెట్టాను. నిజం బండిలో అది ఉండి తీరాలి. ఎదురెదురు మూలలను కలిపితే ఒక జత 337, ఇంకో జత 323. ఈ తేడా ఉన్నంతసేపూ బండి కుడికి ఒక తీరుగా, ఎడమకు ఒక తీరుగా తిరుగుతుంది. స్ప్రింగు కింది గిన్నెను మర పట్టి కొద్దికొద్దిగా తిప్పితే ప్రతి మూలలో మూడున్నర కిలోలు అటూ ఇటూ మారి రెండు జతలూ 330 దగ్గర కలుస్తాయి. ముందు వెనకల మొత్తాలు మారలేదు, కుడి ఎడమల మొత్తాలు మారలేదు. బండిలోకి ఏదీ రాలేదు, బండి నుంచి ఏదీ పోలేదు. కేవలం మూలల మధ్య ఒప్పందం మారింది. నాకు ఈ పనంతటిలో అన్నిటికంటే అందమైన క్షణం ఇదే.

ఈ తూకం మనిషితో సహా కుదిరిన తూకం. ట్యాంకులో పెట్రోలు ఎంతుందో, నడిపేది ఎవరో తెలియకుండా దానికి అర్థం లేదు. ఆ జట్టులో నడిపేవాళ్లు ఇద్దరు, రెండో ఆమె 52 కిలోలు. నియమాలు కనీస బరువు అడిగిన చోట ఆమె కోసం 18 కిలోల సీసపు పలకలు అదనంగా వేయాలి. అది లోటని ఒక అబ్బాయి అన్నాడు. ఉస్తాద్ అడ్డంగా తలూపాడు. మనిషిలోని 18 కిలోలు సీటు ఎత్తులో, కుడి పక్కన ఇరుక్కుపోయి ఉంటాయి. సీసంలోని 18 కిలోలను ఎక్కడంటే అక్కడ పెట్టుకోవచ్చు. ఆయన సుద్దముక్క తీసి ఎడమ సీటు ఉండాల్సిన చోట, నేల మీద, నాలుగు బోల్టుల రంధ్రాలు గీశాడు.