తాబేటి ఒప్పందంలో నదికి చోటేది?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠశాలల్లో సముద్రపు తాబేలును గురించి పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు, ఇది కోస్తావారి విషయమనే భావం ఉపాధ్యాయునికీ విద్యార్థికీ కూడ సహజంగా కలుగుతుంది. ఈ మూడు పట్టణాలకూ సముద్రం దూరం. అలల చప్పుడు వినకుండానే ఇక్కడి పిల్లలు చదువు ముగించవచ్చు. ఐతే చిత్రమేమంటే, తాబేళ్ల రక్షణకై దేశాలు కూడి వ్రాసుకొన్న పత్రంలోనూ దాదాపు ఇదే భావం ఉన్నది. అది ఎంతవరకు సరియైనదో పరిశీలింపదగినది.

మన తూర్పు తీరానికి ఎక్కువగా వచ్చేది ఆలివ్ రిడ్లే అనే జాతి. దీని డిప్ప పొడవు రెండడుగులకు కొంచెం ఎక్కువ. ఆడ తాబేలు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, వెనుక కాళ్లతో అడుగున్నర లోతు గుంట త్రవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. ఒడిశాలోని గహిర్మఠ, ఋషికుల్య తీరాలకు ఇవి వేలసంఖ్యలో ఒక్కసారిగా వస్తవి. శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు గల తీరంలో ఒక్కొక్కటిగా వచ్చి గుడ్లు పెడతవి. కృష్ణానది సముద్రంలో కలిసేచోట సొర్లగొంది, నాచుగుంట ప్రాంతాలు ఇట్టివే. 2021 మార్చిలో గహిర్మఠలో గుర్తుబిళ్ల తగిలించిన తాబేలొకటి 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెట్టింది. అంటే అది ద్వీపకల్పాన్ని చుట్టివచ్చిందన్నమాట. ఇట్టి ప్రాణిని ఏ ఒక్క ప్రభుత్వమూ ఒంటరిగా కాపాడలేదు.

దేశాల మధ్య సహకారం మొదట వ్యాపారాన్ని అరికట్టడంతో ప్రారంభమైంది. అపాయస్థితిలో ఉన్న జీవుల వర్తకంపై 1973లో కుదిరిన ఒడంబడికలో భారతదేశం 1976లో చేరింది. వలస జీవులను గురించిన 1979 నాటి బాన్ ఒడంబడికలో 1983లో చేరింది. కాని తాబేళ్లలో ఎన్నో చచ్చేది వర్తకం వల్ల కాదు. రొయ్యలకై లాగే మరపడవల వలల్లో చిక్కుకొని, గాలికై పైకి రాలేక చచ్చిపోతున్నవి. వలలో కమ్మీల చట్రం అమర్చితే రొయ్యలు కమ్మీల సందులగుండా వెనుక సంచిలోకి పోతవి, తాబేలు మాత్రం అడ్డం తగిలి పక్కనున్న కంతగుండా బయటపడుతుంది. దీనినే టెడ్ అంటారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగిన టెడ్‌ను రూపొందించింది.

ఇట్టి ఏర్పాటు లేని దేశాల రొయ్యలను అమెరికా నిషేధించగా, భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ 1996లో ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసినవి. 1998లో వెలువడిన అప్పీలు తీర్పు గమనింపదగినది. తాబేళ్లను కాపాడే ఉద్దేశం న్యాయమైనదే; కాని కొన్ని దేశాలతో సంప్రదించి, కొన్నిటితో సంప్రదించకుండా నిషేధం విధించడం వివక్ష అని ఆ తీర్పు సారాంశం. బలవంతం కాదు, సంప్రదింపు కావలెనని దీనితో తేలింది. హిందూ మహాసముద్ర, ఆగ్నేయాసియా దేశాలు 2001లో మనీలాలో తాబేళ్లనూ వాటి ఆవాసాలనూ గురించిన అవగాహన పత్రాన్ని కుదుర్చుకొనడానికి ఈ తీర్పు కూడ ఒక ప్రేరణ. భారతదేశం 2007లో దానిపై సంతకం చేసింది.

ఈ పత్రంలో మెచ్చుకోదగినవి ఎన్నో ఉన్నవి. ఒడ్డున కట్టడాలను, రాత్రి దీపాలను అదుపు చేయుమన్నది. వలల్లో మరణాలను తగ్గించుమన్నది. నేలమీది నుండి సముద్రంలోకి పోయే మలినాన్ని గమనించుమన్నది. చట్టంవలె కట్టివేసే బలం లేకపోవడం దీని లోపమని పలువురు అంటారు. అది నిజమే గాని, ఆ సడలింపువల్లనే ముప్పైకి పైగా దేశాలు ఒకచోట చేరగలిగినవి. అసలు లోపం మరొకచోట ఉన్నది. ‘ఆవాసం’ అంటే తాబేళ్లు తమ జీవితంలో ఏ దశలోనైనా ఉపయోగించే నీటి, నేల ప్రాంతాలని ఈ పత్రం నిర్వచించింది. వినడానికి ఇది విశాలంగానే ఉన్నది. కాని తాబేలు ఉపయోగించే చోటు ఒకటి, ఆ చోటును తయారుచేసే చోటు మరొకటి. రెండవది ఈ నిర్వచనంలోకి రాదు.

తాబేలు గుడ్డుకు ఇసుక ఇల్లు మాత్రమే కాదు. గుడ్డులోని పిండం పెంకు రంధ్రాలగుండా, ఇసుక రేణువుల సందుల్లోని గాలితో శ్వాసిస్తుంది. ఇసుక వేడిమినిబట్టి పుట్టేది ఆడదో మగదో నిర్ణయమౌతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ. ఒడ్డు కోసుకొనిపోయి గుంట ఆటుపోట్లకు అందుబాటులోకి వస్తే, గుడ్లు ఉప్పునీట మునిగి చెడిపోతవి. కనుక ఎత్తుగా, వదులుగా ఉండే ఇసుకమేట కావలె.

ఈ మేటలను కట్టేది నది, మలిచేది అల. సముద్రపు అలలు తీరంవెంట ఇసుకను నిత్యం తరలిస్తూనే ఉంటవి. పోయినదాని స్థానంలో కృష్ణ కొత్త ఇసుక తెచ్చిపోయవలె. ఆ ఇసుక ఎక్కడిది? కొంత ఈ మూడు పట్టణాల చుట్టుపక్కలది కూడ. సూర్యాపేట పక్కగా పారే మూసీ మిర్యాలగూడకు దిగువన వాడపల్లివద్ద కృష్ణలో కలుస్తుంది. కోదాడవైపు నుండి పాలేరు పోయి కలుస్తుంది. నీటి ప్రవాహం ఆగినచోట బరువైన ఇసుక ముందు దిగిపోతుంది, ఒండు తరువాత దిగుతుంది. మూసీపై 1963లో పూర్తయిన జలాశయంలో, 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్‌లో, 2013లో ప్రారంభమైన పులిచింతలలో జరుగుతున్నది ఇదే.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన కె. నాగేశ్వరరావు, వారి సహచరులు 2010లో ప్రకటించిన పరిశోధన ఈ సంగతిని అంకెల్లో చూపింది. 1966–69 నాటికి కృష్ణ ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఒండును మోసుకొనిపోయేది. 2000–2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. ఇది నీటిలో తేలిపోయే ఒండు లెక్క. అడుగున దొర్లిపోయే ఇసుక ఆనకట్టను దాటడం ఇంకా కష్టం. 1965 నుండి 2008 వరకు కృష్ణా, గోదావరీ డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల కోతకు గురైనట్లు వారు తేల్చారు.

ఇది విని ఆనకట్టలను నిందించడం తగదు. సాగర్ ఎడమకాలువ లేకుంటే మిర్యాలగూడ మిల్లులకు ఇంత వడ్లు వచ్చేవి కావు. కోదాడ పొలాలకు ఈ పచ్చదనం ఉండేది కాదు. లాభం పొందిన వ్యవహారంలో నష్టాన్ని కూడ లెక్కలో వ్రాయవలెననేదే ఇక్కడి విమర్శ. బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం నమ్మకంపై 2060 టి.ఎం.సీ.ల కృష్ణజలాన్ని మూడు రాష్ట్రాలకు పంచింది. పంచినది నీరు, ఇసుక కాదు. నదిని పంచుకొన్న పత్రంలో ఇసుక లేదు, తాబేలును పంచుకొన్న పత్రంలో నది లేదు. రెండింటి నడుమ ఒడ్డు కరిగిపోతున్నది. కోసుకొనిపోయే ఒడ్డునుండి గుడ్లు ఏరి కంచెలో పొదిగించడం మంచిపనే గాని, అది రోగానికి కాక రోగలక్షణానికి చేసే చికిత్స.

దారి లేకపోలేదు. చైనాలో పచ్చనదిమీది షియావోలాంగ్‌డీ ఆనకట్టనుండి 2002 మొదలు ప్రత్యేకంగా నీరు వదలి ఒండును దిగువకు పంపుతున్నారు. ప్రతి ఆనకట్టా దీనికి అనువుగా ఉండకపోవచ్చు. ఐనా ఆవాసపు నిర్వచనంలో ‘గుడ్లుపెట్టే తీరాలకు ఇసుక సమకూర్చే నదులు’ అనే మాట చేర్చి, దేశాలు పంపే నివేదికల్లో నది తెచ్చిన ఒండును చూపడానికి ఒక గడి పెట్టడం కష్టమైన పని కాదు. కొలవని నష్టం ఎవరి కంటా పడదు.

కొలవడం పాఠశాలలోనే మొదలుపెట్టవచ్చు. వానకాలంలో మూసీ జలాశయంలోకి వచ్చే నీరు ఒక లీటరు, బయటికి పోయే నీరు ఒక లీటరు, పెద్దల సహాయంతో అపాయం లేని చోట తెచ్చి, రెండు గాజు సీసాల్లో ఒకరోజు కదపకుండా ఉంచవలె. పై నీటిని వంచి, అడుగున దిగినదానిని ఎండబెట్టి తూచవలె. ఏటా ఒకే వారంలో ఇట్లా చేసి పట్టికలో వ్రాస్తే, ఆ తరగతికి తన సొంత లెక్క ఒకటి ఏర్పడుతుంది. రెండు తూకాల మధ్య తేడాయే సొర్లగొంది ఒడ్డుకు చేరని మట్టి. సముద్రపు తాబేలు పాఠం సూర్యాపేటకు సంబంధించినదేనా అని అడిగే విద్యార్థికి ఆ సీసాలను చూపితే చాలు.