మెట్ల గోడ మీద చీటీ

జర్మనీకి కొత్తగా కాపురానికి వచ్చిన తెలుగువాళ్ళు సలహా అడిగితే, ముందు చీటీ రాయడం నేర్చుకోండి అంటాను. అపార్ట్‌మెంటు కింద, పోస్టు డబ్బాల పక్కన, మెట్ల గోడకి అంటించే చీటీ. ‘శనివారం సాయంత్రం ఆరు నుంచి మా ఇంట్లో వేడుక. కాస్త సందడిగా ఉండొచ్చు. ఇబ్బందైతే తలుపు కొట్టండి, లేదా ఈ నంబరుకి ఫోన్ చేయండి. వీలైతే మీరూ రండి.’ కింద పేరు, అంతస్తు. అంతే. నేనుండే స్టుట్‌గార్ట్‌లో పిల్లల పుట్టినరోజైనా, సత్యనారాయణ వ్రతమైనా, గోడకి డ్రిల్లింగైనా ఈ చీటీతోనే మొదలవుతుంది.

చట్టం ముందు ఆ చీటీ చెల్లదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఇరుగుపొరుగు నిద్ర చెడగొట్టకూడదన్నది ఇక్కడి నియమం. చీటీ అంటించాం కదా అని పది దాటాక పాటలు పెట్టుకునే హక్కు రాదు. ఆదివారమైతే మరీను. ఆదివారాలు, పండగరోజులు పని మాని విశ్రాంతి తీసుకోవడానికని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్నారు. 1949లో వచ్చిన రాజ్యాంగం ఆ అధికరణాన్ని అలాగే తనలో కలుపుకుంది. అందుకే ఆ రోజు దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి, డ్రిల్లింగ్ మిషను బయటికి తీయరు. మరి చెల్లని చీటీ ఎందుకంటే, ముందే తెలిసిన మనిషి ఆ సాయంత్రం సినిమాకి పోవచ్చు, పసిపిల్లని వెనక గదిలో పడుకోబెట్టుకోవచ్చు. చెప్పి చేసిన చప్పుడు కొంచెం చిన్నగానే వినిపిస్తుంది కూడా.

మన మర్యాదంతా కనిపెట్టడంలో ఉంది. వచ్చినవాళ్ళ మొహం చూసి ఆకలి పోల్చుకోవాలి. వద్దన్న గొంతులో ‘ఇంకాస్త’ ఉందేమో వినాలి. విస్తట్లో పప్పు అయిపోకముందే గరిటె వంగాలి. నోరు తెరిచి అడిగే పరిస్థితి తెచ్చామంటే మర్యాద తప్పినట్టే. ఇక్కడ మర్యాదంతా చెప్పడంలో ఉంది. వద్దంటే వద్దనే. అయినా వడ్డిస్తే తమ మాట మనం లెక్కచేయలేదనుకుంటారు. మన అతిథి మొహమాటానికి ఒకటి రెండుసార్లు వద్దని, బతిమాలే మూడోసారి కోసం ఆగుతాడు. ఆ మూడోసారి రాదు. కేకు పళ్ళెం వంటింట్లోకి వెళ్ళిపోతుంది. జర్మన్ల ఇంట్లో విందుకెళ్ళి, తిరిగొచ్చి పెరుగన్నం కలుపుకున్న కథలు ఇక్కడి తెలుగువాళ్ళ దగ్గర బోలెడు.

ఈ చెప్పే అలవాటు ఎంత దూరం పోయిందో చూడండి. మధ్యాహ్నం మూడున్నరకి కాఫీకి రమ్మన్నారంటే కాఫీ, కేకు, కబుర్లు. రాత్రి వంట మొదలుపెట్టే వేళకి లేవాలి అని పిలుపులోనే ఉంది. హోటల్లో బిల్లు పద్దెనిమిది యూరోల చిల్లర అయితే, టిప్పు బల్ల మీద వదిలి రావడం కన్నా, డబ్బిస్తూ ‘ఇరవై’ అని పైకి అనడమే రివాజు. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల పాత అపార్ట్‌మెంట్లలో మెట్లు ఊడ్చే వంతు ఎవరిదైతే వాళ్ళ తలుపుకి ‘కేర్‌వొహె’ అని రాసిన పలక వేలాడుతుంది. ఎవరూ ఎవరినీ గుర్తుచేయక్కర్లేదు. చివరికి ఆలస్యాన్ని కూడా ముందే చెబుతారు. యూనివర్సిటీ టైంటేబుల్లో గంట పక్కన ‘సి.టి.’ అని ఉంటే క్లాసు పావుగంట తర్వాత మొదలవుతుందని అర్థం. మన ముహూర్తాల శుభలేఖలకి ఈ రెండక్షరాలు ఎంత పనికొస్తాయో!

ముందు చెప్పకూడనిది ఒక్కటుంది: పుట్టినరోజు శుభాకాంక్ష. ఒక్క రోజు ముందు చెప్పినా అపశకునమే. 

మర్యాదల సంగతి వస్తే జర్మన్లు క్నిగ్గె పేరెత్తుతారు. హనోవర్ దగ్గర బ్రెడెన్‌బెక్‌లో 1752లో పుట్టిన అడోల్ఫ్ క్నిగ్గె, మనుషులతో ఎలా మెలగాలో 1788లో ఒక పుస్తకం రాశాడు. ఇప్పుడు ఆయన పేరు చెబితే ఏ ఫోర్కు ఎక్కడ పెట్టాలో నేర్పే పుస్తకమనుకుంటారు. అసలు పుస్తకంలో ఆ గొడవే లేదు. ఆయన పోయాక ప్రచురణకర్తలు అలాంటి నియమాలు చేర్చుకుంటూ పోయారు. ఆయన రాసింది ఇంటి యజమానితో, పొరుగువాళ్ళతో, ఒకే కప్పు కింద ఉండేవాళ్ళతో ఎలా ఉండాలి, అతిథి ఎలా మసలాలి, ఆతిథ్యమిచ్చేవాడు ఎలా మసలాలి అని. మెట్ల గోడ మీది చీటీ ఆ పుస్తకానికి ఫోర్కుల కన్నా దగ్గరి చుట్టం.

ముందుగా చెప్పడం మనకి తెలియని విద్యేమీ కాదు. పేరంటానికి ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలుస్తాం. గడప దాకా వెళ్ళి పిలవడంలో ఉన్న ఆప్యాయత చీటీకి ఎక్కడిది? కాకపోతే ఎంతమంది వస్తారని మనం అడగం, అడిగితే చిన్నతనం. అడగని ఆ లెక్కంతా వంటింట్లో తేలాలి. ఎవరికి కారం పడదు, ఎవరు అలిగారు, ఇంకెన్ని విస్తళ్ళు లేస్తాయి అని కనిపెట్టే పని మన ఇళ్ళలో ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా? ఇంటి ఆడవాళ్ళ నెత్తినే. నోటితో చెప్పుకునే పద్ధతిలో ఆ బరువు తగ్గుతుంది. నాకు చీటీ నచ్చడానికి అసలు కారణం ఇదే.

అయితే చెప్పడం మీదే నడిచే ఊళ్ళో, చెప్పలేని మనిషి గతేమిటి? ఇంట్లో లేనివాళ్ళ పార్సిల్‌ని కొరియరు కుర్రాడు పక్కింట్లో ఇచ్చి, ఆ పక్కింటి పేరు రాసిన కార్డు వాళ్ళ డబ్బాలో వేసి పోతాడు. ఆ సాయంత్రమే వచ్చి థాంక్స్ చెప్పి తీసుకెళ్ళడం రివాజు. మా పైఅంతస్తు పెద్దావిడ రివాజు తప్పని మనిషి. ఒకసారి ఆమె పార్సిల్ మా గుమ్మంలోనే ఉండిపోయింది. మా ఆవిడ మేడెక్కి బెల్లు కొట్టింది. పెద్దావిడ కాలు బెణికి మంచం దిగలేకపోతోందట. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని ఊరుకుందట. వద్దు వద్దంటున్నా మా ఆవిడ రసం, అన్నం పట్టుకెళ్ళింది. ఆ వద్దుని మాత్రం మన పద్ధతిలోనే వినాల్సి వచ్చింది.

కాబట్టి కొత్తవాళ్ళకి చెప్పేదిదీ. చీటీ చేత్తో రాయండి, జర్మన్‌లో తప్పులున్నా ఫరవాలేదు. ముగించే వేళ రాయండి. పదింటికి అని రాస్తే పదింటికి పాట ఆగాలి. మర్నాడు చీటీ పీకేసి, మెట్ల మీద ఎదురుపడినవాళ్ళకి నాలుగు సున్నుండలు పెట్టండి. ఒక్కటి చాలంటే ఒక్కటే ఇవ్వండి.